గుండెజబ్బు వున్న ఇంట్లో కరోనా

అది 2021 మే నెల. కత్తెర ఎండలు కాస్తున్నాయి. కృష్ణపట్నం రేవుకు కొంత దూరంలో ఒక పట్టపుపాలెం వుంది. అవి వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసుక మీదికి లాగి పెట్టారు. వలలు చుట్టి పెట్టారు. ఇళ్ళల్లో డబ్బు ఆడటం లేదు. దానికి తోడు కరోనా రెండోసారి విరుచుకుపడింది.

ఆ పాలెంలో ఒక అత్త, ఒక కోడలు. అత్తకు 58 ఏళ్ళు. రెండేళ్ళ కిందట ఆమెకు గుండెపోటు వచ్చింది. నెల్లూరులో ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేశారు. గుండెకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోతే, దాన్ని తెరిచి వుంచటానికి లోపల పెట్టే సన్నని జాలీ గొట్టమే స్టెంటు. కోడలు చిన్నప్పుడు బడికి పోలేదు. పొదుపు సంఘంలో సంతకం పెట్టాలని రాత్రి బడికి పోయింది. అక్కడ అక్షరాలు కూడబలుక్కోవటం, అంకెలు చదవటం నేర్చుకుంది. (ఈ అత్తాకోడళ్ళు పాఠం కోసం కల్పించినవాళ్ళు. వాళ్ళ చుట్టూ చెప్పిన ఊళ్ళు, తేదీలు, లెక్కలు నిజమైనవే.)

మే 16, ఆదివారం. కోడలు గూడు సర్దుతూ అత్త మాత్రల డబ్బా దించింది. ఒక్కో షీటులో పది మాత్రలు. సోమవారం కొత్త షీటు తెరిచారు. రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకోవాలి. శనివారం దాకా ఆరు అయిపోవాలి. నాలుగు మిగలాలి. షీటులో ఎనిమిది వున్నాయి.

"ఏందత్తా ఇది? మాత్రలు అట్నే ఉండాయే!"

"ఉండనీ మే. ఆ బీపీ మాత్రలు మింగేవాళ్ళకి కరోనా గట్టిగా పట్టుకుంటాదంట. పక్కింటామె చెప్పింది. ఇంకోటి, ఇప్పుడు డబ్బులు యాడుండాయి? ఉన్నవి నాలుగు దినాలు ఎక్కువ వస్తాయిలే అని ఆపినా."

పక్కింటామె మాట పూర్తిగా గాలి మాట కాదు. 2020 మొదట్లో డాక్టర్లకే ఆ అనుమానం వచ్చింది. కరోనా వైరస్ మన ఒంట్లోకి దూరటానికి ఒక తలుపు లాంటిది వుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలకూ ఆ తలుపుకూ కొంత సంబంధం వుంది. మాత్రలు వేసుకుంటే తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయేమో అని భయపడ్డారు. ఊరికే భయపడి కూర్చోలేదు, పరీక్ష చేసి చూశారు. బ్రెజిల్ దేశంలో ఆసుపత్రిలో చేరిన కరోనా రోగుల్లో కొందరికి ఆ మాత్రలు ఆపారు. కొందరికి ఆపలేదు. ఇద్దరికీ తేడా కనబడలేదు. అంటే ఆపినందువల్ల లాభం ఏమీ లేదు. అనుమానం వచ్చిన సంగతి పాలెం దాకా వచ్చింది. అనుమానం తీరిన సంగతి మాత్రం రాలేదు. వదంతులు ఎప్పుడూ ఇంతే.

ఆపితే నష్టం మాత్రం వుంది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది. స్టెంటు వేసినవాళ్ళకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు ఇస్తారు. అవి రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. వాటిని ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టి, గుండెపోటు మళ్ళీ రావచ్చు. డాక్టరు చెప్పకుండా వాటిని ఒక్క రోజు కూడా మానకూడదు.

కోడలు ఆ రాత్రి దగ్గర కూర్చొని మాత్ర మింగించింది. మరుసటి రోజు పొద్దున్నే అత్తకు జ్వరం వచ్చింది.

కరోనా మన రాష్ట్రంలో మొదట బయటపడింది నెల్లూరులోనే. 2020 మార్చి 12న ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి ఆ జబ్బు వుందని తేలింది. అతను కోలుకున్నాడు. వయసులో వున్నాడు. వయసులో వుండి వేరే జబ్బులు లేనివాళ్ళలో చాలామందికి అది జలుబు, జ్వరంగా వచ్చి పోయింది. గుండెజబ్బు వున్నవాళ్ళ సంగతి వేరు.

ఎంత వేరో ఒక లెక్క చూద్దాం. ఈ జబ్బు మొదట పుట్టింది చైనాలో. అక్కడ 2020 ఫిబ్రవరి 11 దాకా జబ్బు ఖాయమైన 44,672 మంది వివరాలు లెక్కగట్టారు. వేరే జబ్బు ఏదీ లేనివాళ్ళు నూటికి ఒకరి కంటే తక్కువమంది చనిపోయారు. బీపీ వున్నవాళ్ళు నూటికి 6 మంది. చక్కెర జబ్బు వున్నవాళ్ళు నూటికి 7 మంది. గుండె, రక్తనాళాల జబ్బు వున్నవాళ్ళు నూటికి పదిమందికి పైగా చనిపోయారు. టీకాలు లేని రోజుల లెక్క ఇది. ఇప్పుడు చావులు అంత లేవు. అయినా గుండెజబ్బు వున్నవాళ్ళకు ముప్పు మిగతావాళ్ళ కంటే ఎక్కువ అన్నది మాత్రం మారలేదు.

వైరస్ పట్టేది ఊపిరితిత్తుల్ని గదా, గుండెకేం సంబంధం?

పడవ ఇంజను తలుచుకోండి. పాత ఇంజను ఒకటి వుంది. గాలి లేని రోజు, సముద్రం పలకలా వున్నప్పుడు అది బాగానే నడుస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. ఎదురుగాలి లేచిన రోజు, కెరటం కొడుతున్న రోజు దాని అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు రెట్టింపు పని చెయ్యాలి. పొగ కక్కుతుంది. ఆగిపోతుంది. జబ్బు గుండె కూడా అంతే. ఇంట్లో కూర్చొని చేపలు తోముకుంటుంటే బాగానే కొట్టుకుంటుంది. కరోనా ఎదురుగాలి లాంటిది.

మన గుండె మన పిడికిలి అంత వుంటుంది. మామూలుగా నిమిషానికి 70, 80 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు సుమారు లక్ష సార్లు. జ్వరం వస్తే నిమిషానికి వంద దాటుతుంది. పని పెరిగింది కాబట్టి గుండెకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. ప్రాణవాయువు అంటే ఆక్సిజన్. సరిగ్గా అప్పుడే ఊపిరితిత్తులు వాచి, రక్తంలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. పని ఎక్కువ, కూలి తక్కువ. పైగా కరోనా వచ్చినప్పుడు రక్తం తొందరగా గడ్డ కడుతుంది. ముందే సన్నబడిన నాళాల్లో గడ్డ అడ్డం పడితే గుండెపోటు వస్తుంది. కొందరికి గుండె కండరమే వాస్తుంది.

గుండెజబ్బు అంటే ముసలివాళ్ళదే అనుకోకూడదు. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళవాపు జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న ఆడపిల్లలు మన పల్లెల్లో వున్నారు. నాలుగు బిందెల నీళ్ళు మోస్తే ఆయాసం వస్తుంది. "దానికి పని చెయ్యాలంటే బద్ధకం" అని ఇంట్లో అంటారు. వాళ్ళలో కొందరికి మూడు నాలుగు వారాలకు ఒకసారి పెన్సిలిన్ సూది వేయాలి. కరోనా వున్నా, తుఫాను వచ్చినా ఆ సూది తప్పకూడదు. వాళ్ళు గర్భంతో వుంటే జాగ్రత్త ఇంకా పెరగాలి.

మళ్ళీ మన పాలెంకి వద్దాం.

మంగళవారం పరీక్ష చేశారు. అత్తకు కరోనా వుందన్నారు. ఇంట్లోనే వేరే గదిలో వుంచారు. ఆశా కార్యకర్త వచ్చి వేలికి తగిలించే చిన్న మిషను ఇచ్చింది. దాని పేరు పల్స్ ఆక్సీమీటరు. రక్తంలో ఆక్సిజన్ ఎంత వుందో అది అంకెలో చూపిస్తుంది. మామూలు మనిషికి 95, ఆ పైన వుండాలి. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పోవాలి. గోళ్ళకు రంగు వున్నా, గోరింటాకు వున్నా అంకె తప్పు రావచ్చు. రెండూ లేని వేలు చూసుకోవాలి. చెయ్యి చల్లగా వుంటే రుద్ది వెచ్చబడ్డాక పెట్టాలి.

కోడలు పూటపూటా పెట్టి చూసింది. పాత క్యాలెండరు వెనక రాసింది. మంగళవారం 97. బుధవారం 96. గురువారం 95. శుక్రవారం పొద్దున 93.

"నాకేమైందే? బాగానే ఉండాను. కాఫీ తాగినా," అంది అత్త.

ఇక్కడే చాలా ఇళ్ళు మోసపోయాయి. మన పక్క రొయ్యల గుంటలు చూసినవాళ్ళకు తెలుసు. తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు పైకి తేలతాయి. కాపలా మనిషి చూసి ఏరేటర్లు వేస్తాడు. రొయ్య పైకి తేలి చెబుతుంది. కరోనాలో మనిషి ఒక్కోసారి చెప్పడు. ఆక్సిజన్ తగ్గుతున్నా మాట్లాడతాడు, కాఫీ తాగుతాడు. ఆయాసం తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. మామూలు గుండె ఆ లోటును కొన్ని గంటలు ఓర్చుకుంటుంది. స్టెంటు వేసిన గుండెకు ఆ ఓర్పు తక్కువ. అందుకే మనిషి మాట కంటే మిషను అంకె ముఖ్యం.

గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సంగతి నెల్లూరులో తెలియనివాళ్ళు లేరు. నెల్లూరులో తమ ఇంటిని వేదపాఠశాలకు ఇచ్చిన మనిషి. 2020 ఆగస్టు 5న కొద్దిపాటి జ్వరం, జలుబుతో చెన్నైలో ఆసుపత్రిలో చేరాడు. కంగారు లేదని తనే వీడియోలో చెప్పాడు. వారం దాటాక, 13వ తేదీ రాత్రి పరిస్థితి విషమించింది. గుండె, ఊపిరితిత్తుల పనిని బయటనుంచి చేసే యంత్రం పెట్టారు. తర్వాత పరీక్షలో వైరస్ లేదని కూడా వచ్చింది. అయినా సెప్టెంబరు 25న చనిపోయాడు. వయసు 74. మొదటి వారం తేలిగ్గా వుందని ధీమాగా వుండటానికి లేదు. వైరస్ పోయినా, అది చేసిన దెబ్బ వెంటనే పోదు.

ఇక ఆ శుక్రవారం. మే 21వ తేదీ. ఆ రోజు కృష్ణపట్నంలో జాతర లాగా వుంది. ఆనందయ్య ఇస్తున్న మందు కోసం వేలమంది వచ్చారు. అంబులెన్సుల్లో కూడా రోగుల్ని తెచ్చారు. కొడుకు బండి తీశాడు.

"కృష్ణపట్నం ఈడనే గదా. అమ్మని ఎక్కించుకోని పోతా. మందు వేయించుకోని వచ్చేస్తాం."

కోడలు అడ్డం నిలబడింది. "మందు సంగతి నాకు తెల్దయ్యా. మంచిదో కాదో పెద్దవాళ్ళు తేలుస్తారు. ఈ ఎండలో, ఆ జనంలో, 93 ఉండే మనిషిని నిలబెడతావా? గుండెకి గొట్టం వేసిన మనిషి. ముందు 108కి ఫోన్ చెయ్యి."

కొడుక్కి కోపం వచ్చింది. "రెండు అక్షరాలు నేర్చుకోని నువ్వు డాక్టరమ్మవైపోయినావు," అన్నాడు. కోడలు క్యాలెండరు తెచ్చి చూపించింది. 97, 96, 95, 93. అతనికీ అంకెలు తెలుసు. మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. ఫోన్ తీశాడు.

ఆ మందు గురించి తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవాలి. జనం విరగబడటంతో ప్రభుత్వం పంపిణీ ఆపింది. మందును నిపుణులతో పరీక్ష చేయించింది. హాని కనబడలేదన్నారు. కరోనాను తగ్గిస్తుందనటానికి రుజువు కూడా దొరకలేదన్నారు. మే 31న కంటి చుక్కలు కాకుండా మరికొన్నిటికి అనుమతి ఇస్తూ, డాక్టరు రాసిన మందులు మాత్రం మానవద్దని చెప్పారు. నమ్మకం వున్నవాళ్ళు వేసుకున్నారు. ఆ జనాన్ని ఎగతాళి చేయటం తేలిక. ఆసుపత్రిలో మంచం దొరకని రోజుల్లో, సిలిండరు దొరకని రోజుల్లో మనిషి దేనికోసమైనా పరుగెత్తుతాడు. కానీ గుండెజబ్బు వున్న మనిషికి ఆ గుంపు రెండు విధాల ప్రమాదం. ఒకటి, ఎండలో గంటల తరబడి నిలబడితే గుండె అలిసిపోతుంది. రెండు, ఆసుపత్రికి చేరాల్సిన గంటలు క్యూలో పోతాయి.

అత్తను నెల్లూరు తీసుకుపోయారు. మంచం దొరికేసరికి సాయంత్రమైంది. ఆక్సిజన్ పెట్టారు. బోర్లా పడుకోబెట్టారు. గడ్డకట్టకుండా సూదులు వేశారు. కోడలు మాత్రల షీట్లన్నీ సంచిలో వేసి పంపింది. అది చాలా మంచి పని అయింది. ఏ మందులు వాడుతున్నదో డాక్టరు ఊహించాల్సిన పని లేకపోయింది. పన్నెండో రోజున అత్త ఇంటికి వచ్చింది. నెల రోజులు వాకిట్లోకి నడిచినా ఆయాసపడింది. మళ్ళీ గుండె పరీక్ష చేయించారు.

అందరి కథా ఇలా జరగలేదు. కరోనా భయంతో గుండెనొప్పిని ఇంట్లోనే భరించినవాళ్ళు వున్నారు. 2020లో చాలా దేశాల్లో, మన దేశంలో కూడా, గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గింది. గుండెపోట్లు తగ్గాయా? లేదు. ఆసుపత్రికి పోతే కరోనా అంటుకుంటుందని జనం రాలేదు. కొందరు ఇంట్లోనే చనిపోయారు. కొందరు మూడు రోజుల తర్వాత వచ్చారు. గుండెపోటులో మొదటి గంట విలువైనది. ఆ తర్వాత గడిచే ప్రతి గంటకు కండరం కొంత చచ్చిపోతుంది. చచ్చిన కండరం తిరిగి రాదు.

ఆడవాళ్ళలో ఇంకో చిక్కు వుంది. మగవాళ్ళు గుండె పట్టుకొని కూలబడటం సినిమాల్లో చూశాం. ఆడవాళ్ళకు కూడా ఛాతీ నొప్పి రావచ్చు. కానీ చాలాసార్లు అది దవడ నొప్పిగా, వెన్ను నొప్పిగా, చల్లని చెమటగా, కారణం లేని ఆయాసంగా, వాంతిగా వస్తుంది. "గ్యాసు" అని సోడా తాగి పడుకుంటాం. ఇంట్లో అందరూ తిన్నాక చెప్పుకుందాంలే అనుకుంటాం. అలా అనుకోకుండా 108కి చెప్పాలి.

జ్వరం వచ్చినప్పుడు అంగడిలో మాత్రలు కొనుక్కోవటం మనకు అలవాటు. పారాసిటమాల్ వరకు ఫరవాలేదు. ఒళ్ళునొప్పులకు ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి గుండెజబ్బు వున్నవాళ్ళకు మంచివి కావు. ఒంట్లో నీరు పడుతుంది, బీపీ పెరుగుతుంది. ముక్కు దిబ్బడకు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా బీపీని పెంచుతాయి. "నాకు గుండెజబ్బు వుంది" అని ముందు చెప్పి తర్వాత మందు అడగాలి. నోరు చప్పగా వుందని ఉప్పుచేప, ఊరగాయ పెట్టటం కూడా తగ్గించాలి. మన పాలేల్లో ఇది చెప్పినంత తేలిక కాదు. వేట లేని రోజుల్లో కూర అంటే ఎండుచేపే. నీళ్ళల్లో నానబెట్టి, రెండుసార్లు కడిగి వండితే ఉప్పు కొంత పోతుంది.

ఇక టీకా. 2021 జనవరి 16న మన దేశంలో టీకాలు మొదలయ్యాయి. మార్చి 1 నుంచి 60 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇచ్చారు. అదే రోజు నుంచి 45 దాటి గుండెజబ్బు లాంటివి వున్నవాళ్ళకు కూడా ఇచ్చారు. ముందు వరుసలో నిలబెట్టింది ముప్పు ఎక్కువ కాబట్టే. మన కథలో అత్తకు మార్చిలోనే అవకాశం వుంది. "సూది వేసుకుంటే గుండె ఆగిపోతాదంట" అని పోలేదు. ఏప్రిల్ చివరికి భయం వేసి పోతే టీకాలు అయిపోయాయన్నారు.

ఆ భయం ఇంకా కొందరికి వుంది. నిజం చెప్పుకుందాం. కోవిషీల్డు వల్ల లక్షల మందిలో ఏ కొద్దిమందికో గడ్డలు కట్టిన మాట నిజమే. అయితే వయసులో వున్నవాళ్ళు ఉన్నట్టుండి చనిపోవటం గురించి భారత వైద్య పరిశోధన మండలి వివరాలు సేకరించింది. 2023లో ఫలితం ప్రకటించింది. టీకా ఆ ముప్పును పెంచలేదు. రెండు సూదులు వేసుకున్నవాళ్ళలో ముప్పు తక్కువగా కనబడింది. పెంచినవి వేరే. కరోనాతో ఆసుపత్రి పాలుకావటం, ఇంట్లో అలాంటి చావులు జరిగి వుండటం, అతిగా సారా తాగటం, ఒళ్ళు విరుచుకుపడే పని చేయటం.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం పోలేదు. అప్పుడప్పుడు వస్తూనే వుంటుంది. కరోనా వచ్చి తగ్గిన తర్వాత కొన్ని నెలల వరకు గుండెపోటు ముప్పు కాస్త ఎక్కువే వుంటుంది. ఫ్లూ జ్వరం కూడా జబ్బు గుండెను ఇలాగే దెబ్బ తీస్తుంది. అందుకే ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం వస్తే, గుండెజబ్బు వున్న మనిషికి వాళ్ళు దూరంగా పడుకోవాలి. మూతికి గుడ్డ కట్టుకోవాలి. గది కిటికీ తెరవాలి.

బీపీ, చక్కెర మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు లేకుండా ఇస్తారు. స్టెంటు, గుండె ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ వుంది. 2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. కోడలు ఇవన్నీ తెలుసుకుంది. క్యాలెండరు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గూడు పక్కన మేకుకు తగిలించింది. అత్త పేరు, వయసు, స్టెంటు వేసిన నెల, మాత్రల పేర్లు, ఏది పొద్దున ఏది రాత్రి, 108. మాత్రల పేర్లు షీటు చూసి అక్షరం అక్షరం దించింది. "అటోర్వాస్టాటిన్" రాయటానికి పావుగంట పట్టింది. ఒక వత్తు తప్పు పోయింది. ఆశా కార్యకర్త దిద్దింది.

మీరూ ఇంట్లో ఒక అట్ట తీసుకొని రాయండి. రాశాక ఈ లెక్క చెయ్యండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. రోజుకు ఒక మాత్ర. షీటుకు పది మాత్రలు. వేట ఆగకముందే ఎన్ని షీట్లు తెచ్చి పెట్టుకోవాలి?